పెదనాన్న పాత స్పీకర్లు: బాగుచేయడమా, కొత్తవి కొనడమా? ఒక పని డైరీ

సరుకు దిగింది

అమలాపురం నుంచి పెదనాన్న పంపిన స్పీకర్ల జత ఇవాళ కాకినాడ చేరింది. తొంభైల మొదట్లో కువైట్‌లో పనిచేస్తున్నప్పుడు సెలవుకి వస్తూ తెచ్చుకున్నవి. జపాన్ కంపెనీవి. పేరు అనవసరం, ఆ కాలంలో ఆ సైజులో వచ్చిన పెట్టెలన్నీ ఇంచుమించు ఇలాగే ఉండేవి. బేస్ పలికే ఆరున్నర అంగుళాల పేపర్ కోన్ ఊఫర్, దానిపైన సన్న శబ్దాలు పలికే అంగుళం గుడ్డ డోమ్ ట్వీటర్, వెనక ఎరుపు, నలుపు స్ప్రింగ్ క్లిప్పులు, 8 ఓమ్‌లు, 89 డెసిబెల్ అని అచ్చేసిన స్టిక్కర్.

ముందు జాలీ గుడ్డ తీయగానే సంగతి అర్థమైంది. ఊఫర్ అంచున కోన్‌ని ఫ్రేముకి కలిపే ఫోమ్ రింగు పొడిపొడిగా రాలిపోతోంది. ఒక దాంట్లో సగం చుట్టు ఊడి కోన్ ఓ పక్కకి వాలింది. రెండో పెట్టె కింది మూల తేమకి ఉబ్బి, వినైల్ తొడుగు పైకి లేచింది. క్లిప్పుల లోపల రాగి పచ్చబడింది. కోనసీమ గాలిలో ముప్పై ఏళ్లు పైన ఉన్నవి ఇంతకంటే బాగుంటే ఆశ్చర్యపోవాలి.

ఫోన్ చేస్తే పెదనాన్న అన్న మాట: "పారేద్దామంటే మీ పెద్దమ్మ ఒప్పుకోట్లేదురా. బాగవుతాయంటే చెయ్యి, లేదంటే మంచివి చూడు, ఇరవై వేల దాకా పెడతాను. మొహమాటానికి మాత్రం బాగుచేయకు."

ఆ చివరి మాట బాగా పనికొచ్చింది. స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందే కాగితం మీద మూడు షరతులు రాసి గోడకి అంటించాను. కోన్‌ని కదిపే తీగచుట్ట, అదే వాయిస్ కాయిల్, కాలిపోయినా, అయస్కాంతానికి ఒరుసుకుంటున్నా కొత్తవే. ట్వీటర్ కాయిల్ తెగిపోతే కొత్తవే. పెట్టె అతుకులు విడిచిపోతే కొత్తవే. ఈ మూడూ కాకపోతే బాగుచేయడమే. ముందే రాసుకోవడం ఎందుకంటే, చెయ్యి పెట్టాక మమకారం పుట్టుకొస్తుంది. ఇంకో ఐదొందలు, ఇంకో వెయ్యి అనుకుంటూ పోతే కొత్తవాటి ధర దాటిపోయాకగానీ మెలకువ రాదు.

ఏది ముసలిదవుతుంది, ఏది కాదు

పనిలోకి దిగేముందు కాస్త ఆలోచన. పాత టీవీనో పాత ఫోన్‌నో బాగుచేయాలా అంటే చాలాసార్లు వద్దనే చెబుతాను. ఆంప్లిఫయర్ లోపల లేని ఇలాంటి స్పీకర్ల సంగతి వేరు. తీగచుట్టని అయస్కాంతం మధ్యలో వేలాడదీసి, దానికి కోన్ అతికించి గాలిని కదిపించే పద్ధతి 1925లో అమెరికాలో రైస్, కెల్లాగ్ అనే ఇంజినీర్లు రూపుదిద్దింది. ఈ రోజు షోరూములో ఉన్న స్పీకర్‌ కూడా ఎక్కువగా అదే సూత్రం మీద నడుస్తుంది. వెనక ఉన్న ఫెరైట్ అయస్కాంతం ఇంట్లో వాడకానికి నీరసించదు. తీగ కాలనంతవరకూ తీగే. పేపర్ కోన్ తడవకుండా, చెదలు పట్టకుండా ఉంటే మన తర్వాతి తరానికీ ఉంటుంది.

ముసలివయ్యేవి మూడు. మొదటిది ఫోమ్ రింగు. పాలీయురిథేన్ ఫోమ్ తేమకీ, ఎండకీ తనంతట తనే విడిపోతుంది. స్పీకర్ వాడకుండా అటక మీద పెట్టినా అది ఆగదు. "ఎప్పుడూ పెద్ద సౌండ్ పెట్టలేదే, ఎలా పాడైంది?" అని చాలామంది అడుగుతారు. సౌండ్‌కీ దీనికీ సంబంధం లేదు. రెండోది క్రాసోవర్‌లో, అంటే బేస్‌ని ఊఫర్‌కీ సన్న శబ్దాల్ని ట్వీటర్‌కీ పంచే సర్క్యూట్‌లో, ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్. లోపలి ద్రవం మెల్లగా ఆరిపోతుంది. మూడోది జిగురు, ఎక్కడెక్కడ ఉంటే అక్కడల్లా. ఈ మూడూ కారు చౌక. ఖరీదైనవన్నీ చావనివి, చచ్చేవన్నీ చౌకవి. అందుకే ఈ జత చూడగానే నాకు చెత్తబుట్ట గుర్తుకు రాలేదు.

బ్లూటూత్ పెట్టెలు దీనికి తిరగబడి ఉంటాయి. వాటిలో స్పీకర్ బాగానే ఉంటుంది, ముందు పోయేది బ్యాటరీ, లేదంటే బోర్డు. అదలా ఉంచుదాం.

మీటర్ పెట్టాను

ఊఫర్లు రెండూ విప్పి టేబుల్ మీద వెల్లకిలా పెట్టాను. ఫోమ్ లేని కోన్‌ని రెండు చేతుల వేళ్లతో చుట్టూ సమంగా పట్టుకుని నెమ్మదిగా కిందికి నొక్కాలి. గరగర వినిపిస్తే కాయిల్ ఒరుసుకుంటున్నట్టు. రెండూ నిశ్శబ్దంగా కదిలాయి. వాలిపోయిన దాన్ని మాత్రం నిటారుగా పట్టుకుని నొక్కాలి, లేకపోతే మంచి కాయిల్ కూడా ఒరుసుకున్నట్టే వినిపిస్తుంది. ఫోమ్ ఊడిన స్పీకర్‌ని "కాయిల్ పోయింది" అని తీసిపారేసేది చాలాసార్లు ఇక్కడే.

మల్టీమీటర్‌లో ఊఫర్లు 6.1, 6.2 ఓమ్‌లు. స్టిక్కర్ మీద 8 అని ఉంటే మీటర్‌లో ఐదున్నర నుంచి ఏడు మధ్య చూపిస్తుంది. ఎందుకంటే స్టిక్కర్ మీదిది పాట నడుస్తున్నప్పటి లెక్క, మీటర్ చూపించేది తీగ నిరోధం ఒక్కటే. రెండు ఊఫర్లకీ తేడా ఓమ్‌లో పదో వంతే కాబట్టి కాయిల్ చుట్లు కలిసిపోలేదని ధైర్యం. ట్వీటర్లు వైర్ విప్పి చూస్తే 5.8, 5.9. ముందు కెపాసిటర్ ఉండగా క్లిప్పుల దగ్గర కొలిస్తే ట్వీటర్ గురించి ఏమీ తెలియదు, మీటర్ పంపే డీసీ కరెంటు కెపాసిటర్‌ని దాటదు. అందుకే విప్పి చూడాలి.

తర్వాత గోడ గడియారంలోంచి తీసిన ఒకటిన్నర వోల్టుల సెల్. ప్లస్‌కి ప్లస్ తాకిస్తే కోన్ బయటికి రావాలి. రెండూ వచ్చాయి. టెర్మినల్ గుర్తులు చెరిగిపోయి ఉన్నాయి, ఇప్పుడే మార్కర్‌తో రాసుకుంటే తర్వాత వెతుక్కోనక్కర్లేదు.

గోడ మీది షరతుల్లో మొదటిది గట్టెక్కింది, రెండోది కాగితం లెక్కన గట్టెక్కింది. కాగితం లెక్కన అని ఎందుకంటున్నానో రెండు రోజుల్లో తేలింది.

మైక్‌సెట్ షాపులో

మన ఊళ్లలో స్పీకర్ల సంగతి నిజంగా తెలిసినవాళ్లు ఎలక్ట్రానిక్స్ షోరూముల్లో ఉండరు. మైక్‌సెట్ షాపుల్లో ఉంటారు. జాతరకీ, పెళ్లికీ అద్దెకిచ్చిన పదిహేను అంగుళాల బాక్సులు తెల్లారేసరికి కాయిల్ మాడి తిరిగొస్తే, వాటికి కోన్ పేపర్, కాయిల్ వేసి మళ్లీ సాయంత్రానికి పంపేవాళ్లు వీళ్లే. మా వీధి చివర ఒకాయన ఉన్నారు. ఊఫర్ చేతిలోకి తీసుకుని, బొటనవేలితో కోన్ నొక్కి, చెవి దగ్గర పెట్టుకున్నారు.

"కాయిల్ బంగారంలా ఉందండి. ఎందుకండీ ఈ ఫోమ్ గొడవ, కారు ఊఫర్ పడేద్దాం. సైజు సరిపోద్ది, బేస్ అదిరిపోద్ది, ఆయ్."

సలహాలో చెడ్డ ఉద్దేశం లేదు. గంటలో పని అయిపోతుంది, ఫోమ్ అతికిస్తే రెండు రోజులు ఎండాలి. కానీ అది ఈ పెట్టెకి సరిపడదు. పెట్టె లోపలి గాలి, కోన్ బరువు, దాని స్ప్రింగు బిగువు అన్నీ కలిసి లెక్క వేసి ఉంటాయి. 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ మొదలుపెట్టి, 70ల మొదట్లో రిచర్డ్ స్మాల్ పూర్తిచేసిన లెక్కలు అవి. ఈ రోజుకీ ఊఫర్ల డేటా షీట్లలో వాళ్ల పేర్లతో కనిపిస్తాయి. బోల్టు రంధ్రాలు కలిసినంతమాత్రాన ఊఫర్ కలవదు.

ఇంకోటి, కారు ఊఫర్లు ఎక్కువగా 4 ఓమ్‌లవి. ఈ పెట్టెలో క్రాసోవర్ అంటే ఊఫర్‌కి 0.3 మిల్లీహెన్రీ కాయిల్, ట్వీటర్‌కి 4.7 మైక్రోఫారడ్ కెపాసిటర్, అంతే. 8 ఓమ్‌ల దగ్గర రెండూ దాదాపు 4,200 హెర్ట్జ్ దగ్గర చేతులు మార్చుకుంటాయి. ఊఫర్ 4 ఓమ్‌లదైతే అది 2,100 దగ్గరే తప్పుకోవడం మొదలుపెడుతుంది, ట్వీటర్ ఇంకా రాదు. మధ్యలో గుంట. మనిషి మాటలోని స్పష్టత చాలావరకు ఉండేది అక్కడే. బేస్ అదురుతుంది, మాట మాత్రం దుప్పటి కప్పుకుని వినిపిస్తుంది.

ఇదంతా ఆయనకి చెప్పలేదు. "ఫోమే వేద్దామండి, నేనే కూర్చుని చేస్తాను" అన్నాను. ఆయన నవ్వి, సొరుగులోంచి పాత ఎక్స్‌రే ఫిల్మ్ ముక్క ఒకటి ఇచ్చారు. "కాయిల్ మధ్యలో నిలబెట్టడానికి ఇదే వాడండి. అట్ట ముక్క పెడితే ఉబ్బుద్ది." ఆ రోజు అందిన సలహాల్లో లక్ష రూపాయల సలహా అదే.

ట్వీటర్ అసలు గొడవ

ఊఫర్ల ఫోమ్ వచ్చేలోపు పెట్టెలు ఊరికే ఎందుకుండాలని, తక్కువ సౌండ్‌లో ట్వీటర్లు మాత్రం కలిపి విన్నాను. ఎడమది మందకొడిగా ఉంది. కాయిల్ బాగుంది, మీటర్ చెప్పింది. అయినా తాళం శబ్దం, తంబుర మీద జీరలు అన్నీ కుడివైపే.

ఇలాంటి పరీక్షకి నాకు తెలిసి పాత మోనో రికార్డింగులని మించినవి లేవు. యాభైలనాటి ఘంటసాల పాట ఏదైనా తీసుకోండి. రెండు స్పీకర్లకీ ఒకటే సిగ్నల్ వెళ్తుంది కాబట్టి గొంతు సరిగ్గా మధ్యలో, గోడ మీద ఒక్క చోట నిలబడాలి. పక్కకి జరిగితే స్పీకర్లలో తేడా ఉన్నట్టు. స్టీరియోలో అయితే రికార్డింగే అలా చేశారేమో అని అనుమానం మిగిలిపోతుంది.

లోపం ట్వీటర్‌లో ఉందా, పెట్టెలో ఉందా? దానికి యంత్రాలు అక్కర్లేదు. ఎడమ ట్వీటర్ కుడి పెట్టెలో, కుడిది ఎడమ పెట్టెలో పెట్టాను. మందకొడితనం ట్వీటర్‌తో పాటు కుడివైపు వెళ్లిపోతే ట్వీటరే దోషి. అప్పుడు కథ మారిపోయేది. ఇలాంటి డోముల్లో కాయిల్ చుట్టూ ఉండే ఫెరోఫ్లూయిడ్ అనే అయస్కాంత ద్రవం గట్టిపడి ఉంటుంది, దాన్ని శుభ్రం చేసి కొత్తది వేయడం నా చేతుల్లో ఉన్న పని కాదు. ఆ మోడల్ ట్వీటర్ కూడా ఇప్పుడు దొరకదు. కానీ మందకొడితనం ఎడమ పెట్టెలోనే ఉండిపోయింది. అంటే కెపాసిటర్.

చవక కాంపోనెంట్ టెస్టర్ ఒకటి ఉంది నా దగ్గర. ఎడమ కెపాసిటర్ విలువ దాదాపు సరిగానే చూపించింది, 4.5. కానీ లోపలి నిరోధం 4 ఓమ్‌లు. కుడిది ఒక ఓమ్ చిల్లర. 8 ఓమ్‌ల ట్వీటర్ ముందు 4 ఓమ్‌లు అడ్డం నిలబడితే మూడింట ఒక వంతు వోల్టేజీ దారిలోనే పోతుంది. మూడున్నర డెసిబెల్ తగ్గినట్టు. విలువ ఒక్కటే కొలిచి ఊరుకుని ఉంటే ఇది దొరికేది కాదు.

ఇక్కడే ఈ పని మొత్తం మీద నాకు గట్టిగా అనిపించింది: ఈ జతని చూసినవాళ్లు పారేయమనేది రాలిపోయిన ఫోమ్ చూసి. అది కొన్ని వందల పని. నిర్ణయం నిజంగా వేలాడింది మచ్చ లేకుండా కనిపించే ట్వీటర్ మీద. పాత స్పీకర్లు కొనేవాళ్లు కూడా కోన్ చూసి బేరం ఆడతారు. చూడాల్సింది ట్వీటర్ని.

కొత్తవి కూడా విన్నాను

ఒకవైపే విని తీర్పు చెప్పడం అన్యాయం కాబట్టి, స్నేహితుడి ఇంట్లో ఉన్న కొత్త జత దగ్గర ఓ సాయంత్రం కూర్చున్నాను. ఇప్పటి ధరలో ఇరవై వేల లోపు దొరికేవే. ఐదు అంగుళాల ఊఫర్, రబ్బరు రింగు, వెనక గాలి గొట్టం.

బాగున్నాయి, ఒప్పుకోవాలి. తాళాల శబ్దం శుభ్రంగా ఉంది, కుర్చీలో కాస్త అటూ ఇటూ జరిగినా పాట చెదరలేదు. అంత చిన్న పెట్టెలోంచి అంత లోతు బేస్ రావడం చూసి ముచ్చటేసింది. దానికి మూల్యం కూడా ఉంది. వాటి సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కి వచ్చే సౌండ్, 85 డెసిబెల్. పెదనాన్నవి 89. నాలుగు డెసిబెల్ అంటే అదే సౌండ్ రావడానికి రెండున్నర రెట్లు పవర్ కావాలి. బేస్ లోతు, చిన్న పెట్టె, తక్కువ పవర్‌కి ఎక్కువ సౌండ్: ఈ మూడింట్లో రెండే దొరుకుతాయని స్పీకర్ల రంగంలో హాఫ్‌మన్ పేరుతో ఓ నియమం ఉంది. ఇప్పటి కంపెనీలు మొదటి రెండూ ఎంచుకున్నాయి, ఎందుకంటే ఇప్పుడు ఆంప్లిఫయర్ వాట్లు చౌక. పెదనాన్న దగ్గర ఉన్నది అదే కాలంనాటి పాత ఆంప్లిఫయర్, ఒక్కో వైపు ఇరవై వాట్ల పైచిలుకు. కొత్త స్పీకర్లు దానికి తగిలిస్తే ఆయన వాల్యూమ్ తిప్పుతూ తిప్పుతూ చివరి గీత దాకా వెళ్తారు. ఆంప్లిఫయర్ అలా దాని శక్తికి మించి పరిగెత్తినప్పుడు అలల తలలు తెగిపోయి, ఆ తెగిన సిగ్నల్ ట్వీటర్లనే ముందు కాలుస్తుంది. కాబట్టి కొత్త స్పీకర్లు అంటే ఆయన విషయంలో కొత్త ఆంప్లిఫయర్ కూడా. ఇరవై వేలు కాస్తా ముప్పై ఐదు.

ఘంటసాల గొంతు పెట్టి వింటే మాత్రం, ఆ ఐదు అంగుళాల దాంట్లో గొంతు కాస్త సన్నబడినట్టు అనిపించింది. ఇది నా చెవి మాట, కొలత కాదు.

తీర్పు: బాగుచేయడమే.

కోఠిలో సామాన్లు

హైదరాబాద్‌లో పెళ్లికి వెళ్లి, పనిలో పనిగా కోఠి గుజరాతీ గల్లీ తిరిగాను. ఎలక్ట్రానిక్ విడిభాగాలకి ఆ గల్లీ తర్వాతే ఏదైనా. అడగాల్సిన తీరు ఒకటుంది. "స్పీకర్ కెపాసిటర్" అంటే మామూలు ప్లస్-మైనస్ ఉన్నది చేతిలో పెడతారు. "ఎన్‌పీ, నాన్ పోలార్" అనాలి. అది లేకపోతే 10 మైక్రోఫారడ్‌లవి రెండు మైనస్‌కి మైనస్ కలిపి వాడుకోమంటారు. 5 అవుతుంది, పని నడుస్తుంది, కానీ నాకు నచ్చదు. పాలీప్రొపిలిన్ ఫిల్మ్ రకం 4.7, 250 వోల్టులవి దొరికాయి. ఎండిపోవడానికి లోపల ద్రవమే లేదు. సైజు మాత్రం బొటనవేలంత. ఒక పెట్టెలో మాత్రమే చెడినా రెండింటికీ కొన్నాను, లేకపోతే గొంతు మళ్లీ మధ్యలో నిలబడదు.

ఫోమ్ రింగులు ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఆరున్నర అంగుళాలు అని ఆర్డర్ పెడితే సరిపోదు. కోన్ అంచు వ్యాసం, ఫోమ్ లోపలి వ్యాసం, గుండ్రటి మడత వెడల్పు, ఫ్రేము లోపలి వ్యాసం, నాలుగూ మిల్లీమీటర్లలో కొలిచి, అమ్మేవాళ్ల బొమ్మతో పోల్చి చూసుకోవాలి. రబ్బరు రింగు వేద్దామా అని ఊగిసలాడాను. కోస్తా గాలికి అదే నయం. కానీ బరువెక్కువ, ఈ తేలిక కోన్ నడత మారిపోతుంది. ఫోమ్ మళ్లీ ఓ పదిహేనేళ్లకి రాలుతుందేమో. రాలితే మళ్లీ వేస్తారు ఎవరో.

ఫోమ్ అతికింపు

అసలు పని ఇదే, ఓపిక తినేదీ ఇదే. పాత ఫోమ్ పొడిగా రాలిన చోట బ్రష్‌తో పోయింది. జిగురు పట్టిన చోట మాత్రం ఎండీ ఎండని మామిడి తాండ్రలా కోన్‌కి అతుక్కుని ఉంది. ఇయర్ బడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, పిండేసి, వేలెడు మేర తడిపి, నిమిషం ఆగి, గోటితో బయటికి నెట్టాలి. కత్తి పెడితే పేపర్ లేచిపోతుంది. ఆల్కహాల్ ఎక్కువైతే పేపర్ మెత్తబడుతుంది. ఒక్కో కోన్‌కి ఓ సినిమా నిడివి పట్టింది. ఫ్రేము వైపు మాత్రం ఇనుము కాబట్టి పాత స్క్రూడ్రైవర్‌తో నిర్దయగా గీకేయొచ్చు.

తర్వాత డస్ట్ క్యాప్. కోన్ మధ్యలో ఉండే బొడిపెని కొత్త బ్లేడుతో చుట్టూ కోసి పైకి లేపితే లోపల వాయిస్ కాయిల్, దాని మధ్యలో ఇనుప స్తంభం కనిపిస్తాయి. రెండింటి మధ్య ఖాళీ ఎంత సన్నం అంటే, అందులో ఎక్స్‌రే ఫిల్మ్ పట్టింది, రెండు పొరలు పట్టలేదు. ఫిల్మ్‌ని అర సెంటీమీటర్ వెడల్పు పట్టీలుగా కోసి, నాలుగు దిక్కులా దింపాను. ఇప్పుడు కాయిల్ కదలాలన్నా పక్కకి కదలదు. కోయడం ఇష్టంలేనివాళ్లు ఆంప్లిఫయర్ నుంచి 25, 30 హెర్ట్జ్ శబ్దం మెల్లగా ఇస్తూ, గరగర లేని చోట రింగు నిలబెడతారు. అది కూడా సరైన పద్ధతే. నాకు కంటికి కనిపించే పద్ధతి మీదే నమ్మకం.

జిగురు విషయంలో రెండు మాటలు. ఫెవిక్విక్ రకం వద్దు, ఎండాక పెళుసు, ఫోమ్ వంగే చోటే చిట్లుతుంది. రబ్బరు గమ్ చాలామంది మెకానిక్‌లు వాడతారు, గట్టిగానే పడుతుంది, కానీ అందులో ఉండే సాల్వెంట్ సన్నటి ఫోమ్‌ని మెత్తబరుస్తుందేమోనని, పడ్డ క్షణంలో పట్టేసి సర్దుకోనివ్వదని నేను దూరంగా ఉంటాను. నీళ్లలో కలిసే తెల్ల జిగురు తీసుకున్నాను. తెల్లగా పూస్తాం, ఎండాక కనిపించదు. సర్దుకోవడానికి పది నిమిషాలు ఇస్తుంది.

ముందు లోపలి అంచు, కోన్ మీద. సన్నగా పూసి, రింగు దింపి, వేలి కొసతో చుట్టూ తిరిగి తిరిగి నొక్కాను. జిగురు పోగులా పైకి వస్తే తడిగుడ్డతో తుడవడం. అది రాత్రంతా ఎండాక, మర్నాడు ఫ్రేము వైపు అంచు. దాని మీద బట్టలారేసే క్లిప్పులు చుట్టూ పెట్టాను. మొత్తం ఎండాక పట్టీలు లాగేసి, కోన్ నొక్కి చూస్తే ఏ చప్పుడూ లేదు. సెల్ తాకిస్తే టప్ మని శుభ్రంగా ఎగిరింది. డస్ట్ క్యాప్ మళ్లీ అతికించాను. దగ్గరగా చూస్తే కోత గీత కనిపిస్తుంది. జాలీ గుడ్డ వెనక ఎవరు చూస్తారు!

రెండో ఊఫర్ త్వరగా అయిపోయింది. చెయ్యి తిరిగింది కదా.

పెట్టె, వైర్లు

ఉబ్బిన మూలలో చెక్కపొట్టు బోర్డు పొరలుగా విడింది. ఎండలో పెట్టి తేమ లాగించి, నీళ్లు కలిపిన ఫెవికాల్ సిరంజితో పొరల్లోకి ఎక్కించి, రెండు పలకల మధ్య బిగించి వదిలేశాను. అతుకు విడవలేదు, బోర్డే ఉబ్బింది, కాబట్టి గోడ మీది మూడో షరతు కూడా గట్టెక్కింది. క్లిప్పులు తీసేసి స్క్రూ బిగింపు టెర్మినళ్లు వేశాను. వాటి చుట్టూ గాలి పోకుండా నురుగు టేపు. గాలి గొట్టం లేని మూసిన పెట్టె ఇది, చిన్న సందు ఉన్నా బేస్ వదులవుతుంది. 1954లో ఎడ్గార్ విల్చర్ మూసిన పెట్టెలోని గాలినే స్ప్రింగులా వాడొచ్చని చూపించబట్టే, బీరువా సైజు స్పీకర్లు పుస్తకాల అల్మారాలోకి వచ్చాయి. ఆ గాలి కారిపోతే ఇక ఏముంది?

కెపాసిటర్లు సోల్డర్ చేశాక ఒక చిక్కు. ఫిల్మ్ రకానికి లోపలి నిరోధం దాదాపు ఉండదు. పాతవాటికి కొత్తలోనే కొంచెం ఉండి ఉంటుంది, డిజైన్ చేసినవాళ్లు దాంతో కలిపే విని ఉంటారు. అందుకే తాళాలు ఇప్పుడు కాస్త ముందుకు దూకుతున్నాయి. ఒక ఓమ్, 5 వాట్ల రెసిస్టర్ వరసలో వేస్తే ఒక డెసిబెల్ తగ్గింది. వేసి, తీసి, మళ్లీ వేసి విన్నాను. వేసినప్పుడే హాయిగా ఉంది. ఉంచేశాను.

విన్నాక

ఆంప్లిఫయర్ మోనోలో పెట్టి ఘంటసాల పాట వేశాను. గొంతు మధ్యలో, రెండు పెట్టెలకీ సమానమైన దూరంలో నిలబడింది. బేస్ మొదట బిగుతుగా ఉంది. కొత్త ఫోమ్ కొన్నాళ్లు ఆడితే కాస్త సడలుతుంది, కాబట్టి దాని గురించి ఇప్పుడే తీర్పు చెప్పను. ఎడమ ట్వీటర్ కుడిదానికంటే ఇప్పటికీ అరవీసం తక్కువేమో అనిపిస్తోంది. ఫోన్‌లో స్పెక్ట్రమ్ యాప్ పెట్టి చూస్తే తేడా ఒక డెసిబెల్ లోపే ఉంది, ఫోన్ మైకు మీద అంతకు మించి నమ్మకం పెట్టుకోను.

ఖర్చు, పెట్రోలు కాకుండా, రెండు వేల లోపు. అందులో టెర్మినళ్లే ఫోమ్‌తో సమానం అయ్యాయి. పెదనాన్నకి ఫోన్ చేసి చెబితే ఆయన అడిగింది ఒక్కటే: "కర్ర పాలిష్ కూడా చేయించావా?" అది వినైల్ అని చెప్పడానికి కొంత టైం పట్టింది.

ఇదంతా చూసి కింది వాటాలో ఉండే ఆయన తన హోమ్ థియేటర్ ముందు స్పీకర్లు రెండూ పట్టుకొచ్చారు. "మావి కూడా చూడండి సార్." ప్లాస్టిక్ పెట్టె, వెనక స్క్రూలు లేవు, అతికించేశారు. కోసి తెరిస్తే ఒక ఊఫర్ నుంచి మాడిన వాసన, మీటర్‌లో ఒక ఓమ్‌కి తక్కువ. ట్వీటర్‌లో అసలు రీడింగే లేదు. లోపలి కనెక్టర్ ఆ కంపెనీ బాక్సుకే సరిపోయే రకం, అందులో వేరేది పట్టదు. ఫోమ్ మాత్రం కొత్తదానిలా నిగనిగలాడుతోంది.

వాటిని బాగుచేయొద్దని, కొత్తవే చూసుకోమని చెప్పాను. అంత డబ్బు ఇప్పుడు పెట్టలేనంటే, సెకండ్‌హ్యాండ్‌లో రబ్బరు రింగు, వెనక మామూలు ఎరుపు, నలుపు టెర్మినళ్లు ఉన్న జత వెతకమన్నాను. డబ్బులిచ్చే ముందు ఒక్క మాట చెబితే మీటరూ, గడియారం సెల్లూ పట్టుకుని నేనూ వస్తానన్నాను.